సెలవుకు ముందు పోసిన తిండి

కణాలను పెంచే మా కల్చర్ గదిలో ఒక నియమం ఉండేది. నిన్న గట్టిగా ఉన్న జెల్ ఇవాళ పొద్దున వచ్చేసరికి నీళ్ళయిపోయి కనిపిస్తే, ఎవరినీ అడగకుండా బ్లీచ్‌లో పోసెయ్యాలి. ఆ నియమం పెట్టింది నేనే. అంతకుముందు ఒకసారి ఎవరి ప్లేటులోనో క్రిమి చేరి, జెల్‌ని తిని నీళ్ళు చేసి, అక్కడినుంచి పక్క ప్లేటుకూ ఆ పక్క ప్లేటుకూ పాకి, ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ మొత్తాన్ని ఊడ్చిపెట్టింది. నలుగురు మనుషులు ఆరునెలలు చేసిన పని ఒక్క వారంలో పోయింది. ఆ తర్వాత నియమాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు అంటించాను. ఆ గదిలో నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మా ప్రయోగశాల పెద్దసారు కూడా తలుపు దగ్గర ఆగి, కడుక్కున్న చేతులు రెండూ నాకు చూపించి మరీ లోపలికి వచ్చేవారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచాల్సిన సంగతేమీ కాదు, అందరికీ తెలిసిందే. పందొమ్మిదేళ్ళకు సీసాలు కడిగే పనిలో చేరి, చూసి చూసి పని నేర్చుకొని, చివరికి ఆ గదికే పెద్దదిక్కునయ్యాను. మనిషి ఒంట్లోంచి తీసిన కణాలను బయట బతికించడమంటే పసిపిల్లల్ని సాకడమే. వేళకు తిండి మార్చాలి. వెచ్చగా ఉంచాలి. నోరు తెరిచి అడగలేవు కాబట్టి ముఖం చూసి కనిపెట్టాలి. కణాలకు ముఖాలేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళే వచ్చి, "అక్కా, ఇవాళ నా కణాల ముఖాలు బాగాలేవు, ఒకసారి చూస్తావా" అని అడుగుతారు.

నాకంటే పన్నెండేళ్ళు చిన్నదైన మా చెల్లెలు పరిశోధన చెయ్యడానికి వచ్చి చేరింది కూడా ఈ గదిలోనే. దాన్ని ఇంట్లో పిచ్చుక అంటాం. తిండి దగ్గర కూర్చుంటే నాలుగు మెతుకులు ఏరుకొని లేచిపోయేదని నాన్న అలా పిలిచేవాడు. నాన్న పోయేనాటికి దానికి ఏడేళ్ళు. నేను ఉద్యోగంలో చేరిందీ అప్పుడే. దానికి జడలు వేసింది నేను, ఫీజులు కట్టింది నేను, పాఠం రాకపోతే వీపు విమానం మోత మోగించింది కూడా నేనే. గదిలో అడుగుపెట్టిన మొదటిరోజు నలుగురి ముందూ మర్యాదగా నన్ను "మేడమ్" అని పిలిచింది. "మేడమ్ ఎవరే? నీ తలలో పేలు చూసిన మేడమా?" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. అది సిగ్గుతో చచ్చిపోయింది. ఆ రోజునుంచీ గదిలో కూడా అక్కా అనే పిలిచింది, దాన్ని చూసి నాకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనడం మొదలుపెట్టారు.

పిచ్చుక పని ఒక కొత్తరకం జెల్ మీద. మోకాలి కీలులో ఉండే మెత్తటి ఎముక ఒకసారి అరిగిందంటే మళ్ళీ పెరగదు. అరగని చోటినుంచి కొన్ని కణాలు తీసి, జెల్‌లో పెట్టి పెంచి, అవి బలం పుంజుకున్నాక బయటికి తీసి, అరిగిన చోట ఉంచాలని వీళ్ళ ప్రయత్నం. అందరూ వాడే జెల్‌లో దాన్ని పట్టి ఉంచే ముడులు ఒకసారి బిగిస్తే మళ్ళీ వీడవు. కణం అందులో ఇరుక్కుపోయి ఉంటుంది, తన చుట్టూ తనకు కావలసింది కట్టుకోవడానికి చోటుండదు. పిచ్చుక జెల్‌లో ముడులు అలా కావు. నెట్టితే వదులుతాయి, వదిలి మళ్ళీ పట్టుకుంటాయి. "కిక్కిరిసిన బస్సులో దిగాల్సినవాడు నెట్టుకుంటూ వస్తే జనం జరిగి దారిస్తారు కదక్కా. వాడు దాటగానే మళ్ళీ కలిసిపోతారు. అంతే ఇది కూడా" అని నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ ముడి దాని సొంత అల్లిక, ఇంకెవరి పుస్తకంలోనూ లేనిది. ఆ జెల్‌లో పెట్టిన కణాలు రెండువారాల్లో చుట్టూ చక్కగా కట్టుకొని కూర్చునేవి. ఇరవై ఏళ్ళుగా కణాలను చూస్తున్న నాకు కూడా చూడముచ్చటగా ఉండేవి.

చిక్కంతా వాటిని బయటికి తీయడంలో వచ్చింది. జెల్‌లో హాయిగా ఉన్నాయి, సరే. కానీ రోగి మోకాలికి చేరాలంటే జెల్ వదిలించుకొని రావాలి. పిచ్చుక ఎంజైమ్ పోసి కరిగించి చూసింది. సగానికి పైగా చచ్చాయి. మెత్తగా చిదిమి వడపోసి చూసింది. ఇంకా ఘోరం. రెండేళ్ళపాటు అదే పని, బతికి వచ్చినవి ఎప్పుడూ వందకు నలభై దాటలేదు. ఆఖరికి పెద్దసారు దాన్ని కూర్చోబెట్టి గడువు చెప్పారు.

"వందకు ఎనభై కణాలు ప్రాణాలతో బయటికి రావాలమ్మా. వచ్చే సమీక్షలోపు అది చూపించు. చూపించలేకపోతే ఈ మెత్తటి జెల్‌ని పక్కనపెట్టి, అందరూ వాడే గట్టి జెల్‌తోనే థీసిస్ ముగించుకో. నీ మంచికే చెబుతున్నాను."

ఆయన చెడ్డమనిషి కాదు. నిజంగా దాని మంచికే చెప్పారు.

అప్పటికి మిగిలినవి ఒక్క దాత కణాలే. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక పోస్ట్‌మాన్ సంతకం పెట్టి ఇచ్చినవి. వాటిలోనూ ఆఖరి సీసా. పిచ్చుక దాన్ని తీసి పన్నెండు గుంటలున్న ప్లేటులో పన్నెండు జెల్‌లు పోసింది. పోల్చి చూడటానికి పక్కనే ఇంకో ప్లేటులో కణాలు లేని ఉత్త జెల్‌లు పోసింది. రెండువారాలు కళ్ళల్లో వత్తులు వేసుకొని వాటికి కాపలా కాసింది. ఇక బయటికి తీసే ప్రయత్నం మొదలుపెట్టాలనగా రెండు అడ్డంకులు ఒకేసారి వచ్చిపడ్డాయి. భవనంలో నీటి గొట్టాలు మారుస్తామని నాలుగు రోజులు ఎవరినీ లోపలికి రావద్దన్నారు. దానికి రెండురోజుల ముందే పిచ్చుక జ్వరంతో మంచం పట్టింది.

"మామూలు మీడియమే మార్చక్కా. ఇంకేమీ చెయ్యకు" అని ఫోన్ చేసి చెప్పింది.

"నాకు చెబుతున్నావా? నువ్వు పుట్టకముందు..." అని నోటికి వచ్చి, లెక్క సరిపోక ఆగిపోయాను. "సరేలే, పడుకో."

మీడియం అంటే కణాలకు పోసే ఎర్రటి ద్రవం, అదే వాటి తిండి. మా దగ్గర రెండు రకాలుండేవి. మామూలు దానిలో చక్కెర తక్కువ. రెండోదానిలో దానికి ఐదింతలు. సెలవులకు ముందు కణాలకు రెండోరకం పోసి, పుష్టిగా పెట్టి వెళ్ళడం నా అలవాటు. ఎవరూ నేర్పలేదు, నాకు నేను పెట్టుకున్నదే. ఇరవై ఏళ్ళలో అలా పోసినవి ఒక్కటీ చావలేదు. భవనం మూసే ముందురోజు సాయంత్రం పిచ్చుక ప్లేటు చేతిలోకి తీసుకొని, నాలుగు రోజులు ఈ పలచటి తిండితో ఎలా ఉంటాయిలే అనుకున్నాను. పోస్ట్‌మాన్ కణాలు కూడా పిచ్చుకలాగే నాలుగు మెతుకులు తిని లేస్తాయా అని నాలో నేనే నవ్వుకున్నాను. దాని మాట కాదని పన్నెండు గుంటల్లోనూ చక్కెర ఎక్కువున్నదే పోశాను. ఉత్త జెల్‌లకు తినే నోరే లేదు కదా, దండగెందుకని మామూలుది పోశాను. రిజిస్టర్‌లో మాత్రం రెండు ప్లేట్లకూ "మామూలు" అనే రాశాను. నిజం రాస్తే జ్వరం తగ్గి వచ్చి నాతో పోట్లాడుతుందని.

అయిదో రోజు పొద్దున అందరికంటే ముందు వచ్చాను. ఇంక్యుబేటర్ తెరిచి పిచ్చుక ప్లేటు వంచి చూశాను. పన్నెండు గుంటల్లోనూ జెల్ లేదు. ఎర్రటి నీళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. పక్క ప్లేటులో ఉత్త జెల్‌లు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మైక్రోస్కోప్ కింద పెట్టాను. క్రిమి లేదు. క్రిమి చేరిన ప్లేటు ఎలా ఉంటుందో నాకు నిద్రలో చూపించినా చెబుతాను. కణాలు జెల్‌లోంచి విడివడి, గుండ్రంగా, మెరుస్తూ తేలుతున్నాయి. చేతి అలవాటుగా ఒక బొట్టు తీసి నీలిరంగు కలిపాను. చచ్చిన కణం ఆ రంగు పీల్చుకుంటుంది, బతికున్నది రానివ్వదు. లెక్కపెట్టాను. వందకు తొంభై నాలుగు బతికున్నాయి. అమ్మయ్య, నా చేతుల్లో చావలేదు అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. నా పని వాటిని బతికించడం. అవి బతికున్నాయి. కణాలు బయటికి ఎలా రావాలన్నది పిచ్చుక తలనొప్పి, నాది కాదు. ఆ రెండు సంగతులూ ఆ పొద్దున నా బుర్రలో ఒకచోటికి రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ లేదు.

జెల్ ఎందుకు కరిగిందో మాత్రం నిమిషంలో తెలిసిపోయింది. రెండు ప్లేట్లలో జెల్ ఒకటే, పెట్టిన చోటు ఒకటే, కణాలు రెండువారాలుగా ఏమీ కరిగించలేదు, కొత్తగా మారింది నేను పోసిన తిండి ఒక్కటే. దాని ముడులను చక్కెర విప్పేసింది. చెల్లెలి ఆఖరి సీసా కణాలు, దాని గడువు, దాని జెల్, అన్నింటినీ నేను మాట వినకుండా పాడుచేశానని అర్థమైంది.

అప్పుడైనా చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదో కూడా దాచను. సరిగ్గా నెల కిందట మా గదిలో కొత్తగా చేరిన టెక్నీషియన్, నాకంటే రెండేళ్ళు పెద్దాయన, ఒక సీసాకు బదులు ఇంకో సీసా తీశాడు. నష్టం కూడా ఏమీ జరగలేదు. నేను అందరి ముందూ అగ్గిమీద గుగ్గిలమయ్యాను. "సీసా మీద రాసింది చదవడం రాని చేతులకు ఈ గదిలో ఏం పని?" అన్నాను. ఆయన కిమ్మనకుండా తలవంచుకొని విని, వారం తిరక్కుండా వేరే విభాగానికి మార్పించుకొని వెళ్ళిపోయాడు. అదే గదిలో, అదే మనుషుల ముందు నిలబడి, చదివి మరీ తప్పు సీసా తీశానని చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

తలుపు మీద నియమం ఉండనే ఉంది. నీళ్ళయిన జెల్‌ని బ్లీచ్‌లో పోసెయ్యాలి. ప్లేటు ఎత్తి పోశాను. ఎరుపు రంగు మెల్లగా వెలిసిపోయి తెల్లనీళ్ళయ్యాయి. చేతులు కడుక్కొని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

పిచ్చుక తొమ్మిదింటికి వచ్చింది. జ్వరం తగ్గినా ముఖం పీక్కుపోయి ఉంది.

"నీళ్ళయిపోయాయే" అన్నాను. "నియమం ప్రకారం పోసేశాను."

"క్రిమి చేరిందా?"

"చేరిందేమో."

"చేరిందేమో ఏంటక్కా? నువ్వు చూడలేదా?"

"నీళ్ళయ్యాక ఇంకేం చూస్తాం?" అని నీళ్ళు నమిలాను.

అది ఏడవలేదు. ఉత్త జెల్‌ల ప్లేటు తీసి, వెలుతురుకు పట్టి, ఒక్కొక్క గుంటా వంచి చూసింది. తర్వాత రిజిస్టర్ తెరిచింది.

"రెండింటికీ మామూలే కదా పోశావు?"

"మామూలే" అన్నాను.

తల ఊపింది. నన్ను మళ్ళీ అడగలేదు. ఇంట్లో చిన్నప్పటినుంచీ నేను చెప్పిందే దానికి సాక్ష్యం.

ఆ తర్వాతి నెలన్నర దగ్గరుండి చూశాను. గదిలో పాతబడిన వేరే కణాలుంటే వాటితో మళ్ళీ జెల్ పోసింది. మామూలు మీడియం పెట్టింది. కరగలేదు. ఇంకోసారి పోసింది. కరగలేదు. ఎందుకు కరుగుతుంది? నేను పక్కనే కూర్చొని సీసాలకు పేర్లు అంటిస్తూ, తేలుకుట్టిన దొంగలా చూస్తూ ఉండిపోయాను. మూడోసారి కూడా జెల్ నిక్షేపంగా నిలబడ్డాక అది స్టూలు మీద కూలబడి, "అయితే ఆ రోజు నేనే పాళ్ళు తప్పాను" అంది. "జ్వరం వచ్చేముందు కలిపినవి కదక్కా. చెయ్యి తేడాపడి ఉంటుంది." అప్పుడు కూడా నిజం చెప్పలేదు. "అందరికీ జరిగేదే" అన్నాను. ఓదార్చాను కూడా.

సమీక్షలో పెద్దసారు ఒక్క మాటే అన్నారట. ఎందుకు కరిగిందో చేసినవాళ్ళకే తెలియని జెల్‌ని మనిషి మోకాలికి దగ్గరగా ఎలా తీసుకెళతామని. న్యాయమైన మాటే. పిచ్చుక గట్టి జెల్‌తో రెండేళ్ళలో థీసిస్ ముగించింది. పట్టా అందుకున్న రోజు స్వీట్లు పంచింది, ఫొటో దిగింది. ఇంకో ప్రయోగశాలలో చోటుందని పెద్దసారు స్వయంగా ఉత్తరం రాసిస్తానంటే, "నాకు సరిపడే పని కాదు సార్" అని చెప్పేసింది. ఆయన నాకు కూడా చెప్పి చూడమన్నారు. నేను చెప్పాను. అది నవ్వి ఊరుకుంది.

గాయాల మీద అంటించే పట్టీలు తయారుచేసే కంపెనీలో చేరింది. నాణ్యత చూసే విభాగం. పట్టీని ఒక పలకకు అంటించి, మెషీన్‌తో లాగి, ఎంత బలానికి ఊడిందో రాసుకోవడం పని. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. దాని పెళ్ళి నేనూ మా ఆయనా చేశాం. మా మరిది నెమ్మదస్తుడు, కాస్త హాస్యం కూడా ఉంది. "వదినా, మీ చెల్లెలికి అంటించడం రాదు, ఊడబెరకడం ఒక్కటే వచ్చు" అంటాడు. అందరం నవ్వుతాం. సెలవులకు ముందు కణాలకు పుష్టిగా పెట్టడం నేను మానేశాను. ఎందుకు మానేశానని గదిలో ఎవరూ అడగలేదు.

ఇదంతా జరిగి పద్నాలుగేళ్ళు. నేను చెప్పకుండానే కాటికి పోయేదాన్నేమో. పోయిన నెల ఎక్కడినుంచో ఒక పరిశోధకురాలు మా దగ్గరికి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇలాంటివాటికి నేను సాధారణంగా పోను. చివరి వరసలో ఫ్యాన్ కింద చోటుందని కూర్చున్నాను. ఆ అమ్మాయి తెర మీద ఒక మెత్తటి జెల్ చూపించింది. నెట్టితే వదిలి మళ్ళీ పట్టుకునే ముడులు. కణాలు అందులో చక్కగా పెరుగుతాయంది. వాటిని బయటికి తీయడం అందరికీ పెద్ద చిక్కుగా ఉండేదంది. ఆ చిక్కు విప్పామంటూ తర్వాతి బొమ్మ చూపించింది. చక్కెర ఎక్కువగా కలిపిన మీడియం పోస్తే చాలు, ముడులు వాటంతటవే విడిపోతాయి, కణాలకు దెబ్బ తగలదు. వందకు తొంభై బతికి వస్తాయి.

గదంతా చప్పట్లు. పద్నాలుగేళ్ళ కిందట మైక్రోస్కోప్ కింద మెరుస్తూ తేలిన కణాలు అప్పుడు అర్థమయ్యాయి నాకు. నేను పాడుచేశాననుకున్నది పాడవడం కాదు. పిచ్చుక రెండేళ్ళు వెతికిన జవాబు అది. ఎనభై అడిగితే తొంభై నాలుగు వచ్చింది. నేను దాన్ని లెక్కపెట్టి, బ్లీచ్‌లో పోసి, చేతులు కడుక్కున్నాను.

ముందు వరసలో ఉన్న పెద్దసారు బయటికి వస్తూ నా దగ్గర ఆగారు. ఇప్పుడు ఆయన కర్ర పట్టుకొని నడుస్తున్నారు.

"మన పిచ్చుక ఇలాంటిదే ఏదో చేసేది కదమ్మా? పాపం, నిలబడేది కాదు."

"నిలబడేది సార్" అన్నాను.

ఆయనకు వినబడలేదు. తల ఊపి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక ఇంటికి వెళ్ళాను. మరిది వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. అది మంచం మీద ఆరిన బట్టల కుప్ప వేసుకొని మడతపెడుతోంది. నన్ను చూడగానే దుప్పటి కొసలు రెండు నా చేతికిచ్చింది. చిన్నప్పటినుంచీ మా ఇద్దరికీ అలవాటైన పని, మాటలు అక్కర్లేదు. దులిపాం, కలిపాం, మడిచాం. రెండో దుప్పటి పట్టుకున్నాక మొదలుపెట్టాను. ఆ సాయంత్రం పోసిన సీసా, రిజిస్టర్‌లో రాసిన అబద్ధం, పొద్దున చూసింది, పారబోసింది, మామూలే అన్నది, అన్నీ వరసగా చెప్పాను. తర్వాత ఆ పరిశోధకురాలి ఉపన్యాసం సంగతి చెప్పాను. దుప్పటి మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకుంటూ వెళ్ళాను.

"అవి బతికే ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి."

"అనుకుంటున్నావా, చూశావా?"

"రంగు వేసి లెక్కపెట్టాను. వందకు తొంభై నాలుగు."

"తొంభై నాలుగు" అంది మెల్లగా. ఒక్క క్షణం దాని ముఖం విప్పారింది. ఫలితం బాగా వచ్చిన రోజున కారిడార్‌లో పరిగెత్తుకొచ్చి, ముందుగా నాకే చెప్పే పిల్ల ముఖం అది. పద్నాలుగేళ్ళుగా నేను చూడని ముఖం. అలా సంతోషపడటం చూసి తట్టుకోలేకపోయాను. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

మంచం మీద కూర్చుంది. చక్కెర ఎంతున్న సీసా అని అడిగింది. ఎన్ని గంటలకు పోశావంది. నువ్వు వచ్చేసరికి జెల్ ముక్కలేమైనా అడుగున మిగిలున్నాయా, పూర్తిగా పలచబడిందా అని అడిగింది. జ్ఞాపకం ఉన్నవన్నీ చెప్పాను. తను వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. ఆ లెక్క ముగిసేసరికి ముఖంలో వెలుగు పోయింది.

"అంటే నేను పాళ్ళు తప్పలేదు."

"తప్పలేదే. నీ జెల్ బాగానే ఉంది. ఉత్తవి నాలుగు రోజులూ రాయిలా నిలబడ్డాయి."

"నాకు చేతకాదనుకున్నానక్కా" అంది. "ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. బుర్ర ఉంది, చేతులు మంచివి కావు, ఈ పనికి పనికిరావు అనుకున్నాను. అందుకే కదా వదిలేశాను."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. మరిది తలుపు దాకా వచ్చి, మా ముఖాలు చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

"తిట్టవే" అన్నాను. "రెండు దెబ్బలు వెయ్యి. ఏదో ఒకటి అను."

తను తల అడ్డంగా ఊపింది. కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టే మాట్లాడింది.

"నువ్వు ఆ పొద్దున చెప్పి ఉంటే, ఉత్త జెల్‌లు పన్నెండు నా చేతిలో ఉన్నాయి. ఆరింటిలో చక్కెరది, ఆరింటిలో మామూలుది పోసి కూర్చునేదాన్ని. సాయంత్రానికల్లా తేలిపోయేది. ఒక్క మధ్యాహ్నం పని అక్కా అది."

దాని ఏడో ఏటినుంచీ అడిగినవీ అడగనివీ అన్నీ తెచ్చి దాని చేతిలో పెట్టాను. వద్దన్నా పెట్టాను. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఇవ్వలేకపోయాను.